అశ్వాపురంలో ఉన్నది అణు విద్యుత్ కేంద్రమా, బొగ్గుదా? తెలిసినవాళ్లు చెప్పండి

మా మేనకోడలికి అశ్వాపురం నుంచి మంచి సంబంధం వచ్చింది. బావగారు మాత్రం ససేమిరా అంటున్నారు. అక్కడి భారజల కర్మాగారంలో గుట్టుగా అణు రియాక్టర్ నడుస్తోందని, బొగ్గు పైకి చూపించడానికేనని ఆయన నమ్మకం. అణుశక్తి శాఖ కింద ఉంది కదా, ఆ కాపలా ఎందుకు, అంటారు.

నాకు తెలిసినంతవరకు అక్కడ కరెంటు తయారీ ముఖ్యం కాదు. మామూలు నీటిలోని హైడ్రోజన్‌లో పది లక్షల పాళ్లకు సుమారు 150 పాళ్లే డ్యుటీరియం, అంటే బరువైన రకం హైడ్రోజన్. అది దండిగా ఉన్న నీరే భారజలం. గోదావరి నీళ్ల నుంచి దాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు సాయంతో రాబడతారు. అందుకు బోలెడంత ఆవిరి, కరెంటు కావాలి కాబట్టే సొంత బొగ్గు ప్లాంటు పెట్టుకున్నారు. ఆ భారజలం కైగా, కాక్రపార్ లాంటి చోట్ల రియాక్టర్లకు వెళ్తుంది. అంటే రియాక్టర్లు ఉన్నది అక్కడ, ఇక్కడ కాదు.

బొగ్గు, బూడిద సంగతి ఎత్తితే, బావగారు అదంతా మణుగూరు దగ్గరి 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్‌దే అని కొట్టిపారేస్తున్నారు!

అక్కడ పనిచేసినవాళ్లు, కాలనీలో పెరిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా? బాయిలర్లలోకి బొగ్గు వెళ్లడం కళ్లారా చూశారా? రేడియేషన్ భయం కాదు గానీ, ఆ హైడ్రోజన్ సల్ఫైడ్ విషవాయువు లీకైతే చుట్టుపక్కల ఊళ్లకు ఏం జాగ్రత్తలు చెబుతారు? నాకు అసలు టెన్షన్ దాని గురించే. దయచేసి వివరంగా రాయండి, బావగారికి చదివి వినిపిస్తాను.