పత్తి దిగుమతి సుంకం ఎత్తేయడం ఎవరి కోసం? (2025లో, ఆ సుంకం ఎత్తేసినప్పటి ఆన్‌లైన్ చర్చ)

నూలుపోగు: అమెరికా ఆగస్టు 27 నుంచి మన బట్టల మీద 50% సుంకం వేసింది. మన ప్రభుత్వం పత్తి మీద ఉన్న 11% దిగుమతి సుంకాన్ని డిసెంబరు 31 దాకా ఎత్తేసింది. గుంటూరు వైపు ఓ స్పిన్నింగ్ మిల్లులో కొనుగోళ్లు చూస్తాను. ఈ పని ఎప్పుడో చేయాల్సింది. బంగ్లాదేశ్‌లో పత్తి పెద్దగా పండదు. సుంకం లేకుండా కొంటుంది, కుట్టిన చొక్కాలు యూరప్‌కి సుంకం లేకుండా పంపుతుంది. మనం ముడిసరుకు దగ్గరే వెనకబడితే పోటీ ఎక్కడిది?

నల్లరేగడి: డిసెంబరు 31 దాకానే ఎందుకో చెప్పండి. మా ఆదిలాబాద్‌లో పత్తి ఏరేదీ అమ్మేదీ ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ మూడు నెలల్లోనే. మద్దతు ధర క్వింటాకు 8110 రూపాయలు అంటారు. నిరుడు తేమ 12 శాతం దాటిందని కొనుగోలు కేంద్రంలో మా బండి తిప్పి పంపారు. తెల్లారగట్ల మంచులో ఏరిన పత్తికి తేమ ఉండదా? ట్రాలీ కిరాయి నామీద పడింది. దళారికి అడిగిన రేటుకే ఇచ్చేశాను.

నూలుపోగు: తేమకీ సుంకానికీ ఏం సంబంధం అన్నా? మన పత్తి బేలు విప్పితే యూరియా సంచి పోగులు, వెంట్రుకలు వస్తాయి. అవి దారంలో పడితే రంగు ఎక్కదు, గుడ్డంతా మచ్చలు. ఆడవాళ్లను కూర్చోబెట్టి ఏరిస్తున్నాం. మిషన్‌తో తీసిన విదేశీ పత్తికి ఈ బెడద తక్కువ.

పాతకాపు: 2022లో కూడా కొన్ని నెలలు ఈ సుంకం తీశారు. చొక్కా ధర తగ్గిందా?

నల్లరేగడి: కూలీలకు గుడ్డ సంచులు మీ మిల్లు ఇస్తుందా? శుభ్రంగా ఏరితే పది రూపాయలు ఎక్కువిచ్చిన వ్యాపారిని నేను చూడలేదు.

నూలుపోగు: సంచుల గొడవ వదిలేయండి.

నల్లరేగడి: ఎత్తింది మీరే కదా!

సాంచెమోత: మాది సిరిసిల్ల. మా సాంచెల (మరమగ్గాల) మీద ఆడేది ఎక్కువగా పాలిస్టర్. సర్కారు చీరల ఆర్డరుంటే పని, లేకుంటే ఖాళీ. మీ పత్తి లొల్లిలో మా ఊసే లేదు.

నూలుపోగు: దానికి వేరే చర్చ పెట్టుకో తమ్ముడూ.

సాంచెమోత: ఎందుకు పెట్టాలి? బీఐఎస్ (కేంద్రం నాణ్యత) ముద్ర లేని పాలిస్టర్ దారం రావద్దని 2023లో అడ్డం పెట్టారు. లాభం పెద్ద ఫ్యాక్టరీలకు, దారం రేటు భారం ఆసాములకు, అంటే మాలా కొద్ది సాంచెలు నడిపేటోళ్లకు. అప్పుడు పోటీ గురించి ఎవరైనా మాట్లాడారా?

నల్లరేగడి: బాగా అడిగినవ్. నూలుపోగు గారూ, ఫిబ్రవరి బడ్జెట్‌లో కొన్ని రకాల అల్లిక గుడ్డ మీద సుంకం 20 శాతం లేదా కిలోకి 115 రూపాయలు, ఏది ఎక్కువైతే అది అన్నారు. అది మాత్రం దేశీయ పరిశ్రమ రక్షణ. నా పత్తికి రక్షణ అడిగితే దేశానికి నష్టమా?

నూలుపోగు: చైనా గుడ్డ అడ్డగోలు చవకగా తెచ్చి కుమ్మరిస్తున్నారు. అందుకే ఆ సుంకం.

నల్లరేగడి: అమెరికా పత్తి కుమ్మరింపు కాదా? అక్కడి సబ్సిడీల మీద బ్రెజిల్ ప్రపంచ వాణిజ్య సంస్థకి (డబ్ల్యూటీవో) వెళ్లి గెలిచింది. చివరికి 2014లో అమెరికా 30 కోట్ల డాలర్లిచ్చి రాజీ చేసుకుంది. ఆ పత్తితో పోటీ పడమని నాకు చెబుతారు. మీరు కొనేదానికి గేట్లు తెరవాలి, మీవాళ్లు అమ్మేదానికి కంచె వేయాలి. ఇదేగా మీ వాదన?

నూలుపోగు: మర్యాదగా మాట్లాడండి. రైతుకు ధర రావాలి, కాదనను. అది ఖజానా ఇవ్వాలి, నా మిల్లు కాదు. మిల్లు మూతపడితే మీ పత్తి కొనేదెవరు?

నల్లరేగడి: ఖజానా ఎలా ఇస్తుందో పైన రాశాను. సుంకమైతే ఏ ఆఫీసరూ తేమ మిషన్ పట్టుకుని చూడడు. నాకు అందుకే సుంకం కావాలి.

పాతకాపు: ఇది మొదటి పోస్టులోనే రాసుంటే సగం గొడవ తప్పేది.

నూలుపోగు: సాంచెమోతా, మరి నీకేం కావాలి? దారం మీద అడ్డు తీసేయాలి, చైనా గుడ్డ మాత్రం రాకూడదు. అంతేనా?

సాంచెమోత: అంతే. మీ ఇద్దరూ అడిగేదీ అదే కదా, నేనడిగితే తప్పేంది? మీ మిల్లు మూతపడితే పేపర్లో వస్తది. మా సాంచెలు ఆగితే తుక్కు కింద కిలోల లెక్కన తూకమేస్తరు.