జమ్మలమడుగులో పాత మిద్దె ఇల్లు, బ్యాక్‌ప్యాకర్ హాస్టల్ చేయాలంటే పడకలు ఎన్ని పడతాయి?

పెన్నా_ఒడ్డు అడిగారు:

అన్నలకూ అక్కలకూ నమస్తే. జమ్మలమడుగులో మాది పాత బండల మిద్దె. ముందరి హాలు 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. నేల నుంచి మిద్దె దాకా తొమ్మిదిన్నర అడుగులు, దూలాలు ఇంకో 10 అంగుళాలు కిందికి ఉన్నాయి. పక్కన 12×10 గది ఒకటి. అమ్మానాయనా వెనకవైపు ఉంటారు, అక్కడే ఉండిపోతారు. గండికోటకు వచ్చే బెంగుళూరు, హైదరాబాదు పిల్లలకు సలీసు రేటులో, ఇంట్లో ఉన్నట్టు ఉండే హాస్టల్ పెట్టాలని ఉంది. హాల్లో బంక్ బెడ్లు, చిన్న గదిలో ఆడపిల్లలకు వేరే డార్మ్ అనుకుంటున్నా.

అడగాల్సినవి: హాల్లో ఎన్ని పడకలు వేయొచ్చు? సీలింగ్ ఫ్యాను ఉంచొచ్చా? బోరు నీళ్లు బాగా ఉప్పు, గీజర్లు ఆగుతాయా? పర్మిషన్లు ఏం కావాలి? వాల్ పెయింటింగులు, వెదురు దీపాలు అంటూ ఒకాయన లక్షన్నర ఎస్టిమేటు ఇచ్చినాడు. అది అవసరమా?

---

బంకుబెడ్_మేస్త్రి జవాబు:

పెయింటింగు ఎస్టిమేటు పక్కన పెట్టు తమ్ముడూ. ఆ లక్షన్నర మంచాలకూ, వైరింగుకూ, బాత్రూముకూ పోవాల. గోడ మీద బొమ్మ బాగుందని రాసిన రివ్యూ కింద "రాత్రంతా మంచం కిర్రుమంది" అని ఇంకొకరు రాస్తే జనం నమ్మేది రెండోదే.

కొలతలకు వస్తే, పరుపు 6 అడుగుల 3 అంగుళాలు × 3 అడుగులు పెట్టుకుంటే ఫ్రేముతో కలిపి ఒక బంకుకు ఆరున్నర అడుగుల పొడవు, మూడు అడుగుల రెండంగుళాల వెడల్పు అవుతుంది. 18 అడుగుల గోడకు రెండు బంకులు నిలువుగా వేస్తే 13 అడుగులు పోయి, వాకిలికీ బూట్లకూ 5 అడుగులు మిగులుతాయి. రెండు గోడలకూ కలిపి నాలుగు బంకులు, ఎనిమిది పడకలు. నడిమధ్యన దారి ఐదున్నర అడుగులు. ఇది బాగా సరిపోతుంది.

ఎత్తులు ఇట్లా పెట్టుకో: కింది పడక తలం నేలకు 16 అంగుళాలు, పై పడక తలం 62 అంగుళాలు, పరుపు మందం 4 అంగుళాలు. కింద పడుకున్నోళ్లకు కూర్చునేందుకు 40 అంగుళాలు దొరుకుతాయి, పైనోళ్లకు దూలం కింద కూడా 38. పైన 36కు తగ్గితే లేచి కూర్చునేటప్పుడు తల తగులుతుంది. పై పడక పక్కన అడ్డు కమ్మీ తలం మీంచి 15 అంగుళాలు ఉండాల. పరుపు మందం పోగా 11 మిగులుతుంది కదా, అదే పడిపోకుండా ఆపేది. తర్వాత పరుపు మెత్తగా ఉండాలని 8 అంగుళాలది వేస్తే కమ్మీ 7కు పడిపోతుంది, ఆ పని మాత్రం చేయొద్దు.

ఫ్రేముకు 40 మిల్లీమీటర్ల చదరపు పైపు, 2 మిల్లీమీటర్ల మందం. 1.2 మందం పైపు కాసుకు తక్కువ, ఆర్నెల్లకు ఊగుతుంది. పైపు చివర్లన్నీ ప్లేటు పెట్టి వెల్డింగు చేసి మూసెయ్యమను, తెరిచిన పైపు నల్లులకు సొంతిల్లు. మెట్లు గుండ్రటి కడ్డీలైతే అరికాలు నొస్తుంది, మూడంగుళాల వెడల్పు పట్టీలు వేయించు. బోల్టు పడే ప్రతిచోటా రబ్బరు వాషరు, నైలాన్ లాక్ నట్టు. కిర్రుకిర్రు వచ్చేది అక్కడే.

ఇంకోటి, నీది రాయి మట్టితో కట్టిన గోడ అయితే యాంకర్ బోల్టు పట్టదు, కొన్నాళ్లకు మట్టితోసహా ఊడొస్తుంది. మంచాన్ని గోడకు కట్టేదానికి బదులు రెండు బంకులను ఒకదానికొకటి తలవైపు బోల్టులు వేసి ఒకే వరస చెయ్యి, 13 అడుగుల ముక్క ఊగదు. బండల నేల ఎగుడుదిగుడు ఉంటుంది కాబట్టి కాళ్ల కింద ఎత్తు సర్దుకునే స్క్రూ పాదాలు పెట్టించు.

సీలింగ్ ఫ్యాను తీసెయ్. 48 అంగుళాల ఫ్యాను దారి నడిమధ్యన పెట్టినా రెక్క చివరకూ పై పడక అంచుకూ మధ్య పది అంగుళాలే. నిద్రలో చెయ్యి చాపితే అయిపోతుంది. పడకకొక చిన్న ఫ్యాను, దాని స్విచ్చు వాళ్ల చేతికి అందేటట్టు. చలి అనేవాడూ ఉక్క అనేవాడూ ఒకే గదిలో పడుకోవాలంటే ఇదొక్కటే దారి.

---

ఎర్రమల_ట్రెక్కర్ జవాబు:

మేస్త్రి అన్న లెక్క సరైందే గానీ ఎనిమిది పడకలతో మొదలుపెట్టడం నాకు నచ్చలేదు. బండల మిద్దె పగలంతా ఎండ తాగి అర్ధరాత్రి దాకా ఆ వేడిని కిందికి వదులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పై పడక అంటే పెనం కింద పడుకున్నట్టే. ఆ రెండు నెలలూ కింది నాలుగే అమ్మండి, పైవి సామాను పెట్టుకోవడానికి వదిలేయండి. మిద్దె పైన తెల్ల సున్నమో కూల్ రూఫ్ పెయింటో ఫిబ్రవరి ఆఖరుకల్లా రెండు కోట్లు వేయాలి. తడిపిన గోనెసంచులు పరుస్తారు కొందరు, మట్టి మిద్దెకు అది వద్దు, కారుతుంది.

ఏసీ ఆలోచన ఉంటే మానుకోండి. మన పక్క ఎండాకాలం పొడి గాలి కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది, కానీ ఎదురుగా కిటికీ తెరిచి ఉండాలి. అన్నీ మూసి కూలర్ వేస్తే గంటలో గది జిడ్డుజిడ్డుగా అవుతుంది. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో కూలర్ దండగ, ఫ్యాన్లే.

రద్దీ గురించి కూడా: గండికోటకు జనం వచ్చేది ముఖ్యంగా చలికాలంలో, అదీ శుక్ర, శని రాత్రులు. వారం నడుమ ఖాళీగా ఉంటుందనే లెక్కతోనే ఖర్చు వేసుకోండి. శని, ఆదివారాల నిండుదనం చూసి జీతానికి మనిషిని పెట్టుకుంటే మంగళవారానికి ఏడుపు.

మీ ఇంటి నుంచి కోట 15 కిలోమీటర్లు. సూర్యోదయం చూసేవాళ్లు ఐదు లోపలే బయల్దేరాలి, ఆ వేళకు బస్సు నమ్ముకోలేరు. తెలిసిన ఆటో అతనితో ముందురోజు రాత్రే మాట్లాడి, మనిషికింత అని గోడ మీద రాసి పెట్టండి. ఒంటరిగా వచ్చినవాళ్లు ముగ్గురు కలిసి పోతారు, స్నేహం అక్కడే కుదురుతుంది. మీ సొంత స్కూటీని అద్దెకివ్వొద్దు. అద్దె బండికి నల్ల నంబరు పలక మీద పసుపు అక్షరాలుండాలి. తెల్ల పలక బండి అద్దెకిచ్చి గుద్దుకుంటే ఇన్సూరెన్సు రాదు.

తెల్లవారి నాలుగున్నరకు లేచేవాళ్ల వల్ల మిగతావాళ్ల నిద్ర పాడవకుండా పడకకొక చిన్న చదివే దీపం, దుప్పటి గుడ్డతో పరదా. బ్యాగు సర్దుకునే బల్ల హాలు బయట పెట్టండి. ప్లాస్టిక్ కవర్ల గరగరకు మించిన అలారం లేదు.

---

కరెంటు_సుబ్బడు జవాబు:

వైరింగు మీద ఎవరూ చెప్పలేదు. పాత ఇల్లంటే అల్యూమినియం తీగ ఉండొచ్చు, ముందు అది మార్చాల. పడకకు ఒక 6 ఆంపియర్ల ప్లగ్గు, ఒక యూఎస్‌బీ, అవి దిండు పక్కన ఉండాల, కాళ్లవైపు కాదు. ప్లగ్గులన్నిటికీ కలిపి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే స్విచ్చు, తప్పనిసరి. ఇనుప మంచం, తడి చేతులు, చైనా ఛార్జరు, మూడూ ఒకేచోట కలుస్తాయి. ఎర్త్ గుంత లేకుండా ఆర్‌సీసీబీ పెట్టినామని నిబ్బరంగా ఉండొద్దు, రెండూ కావాల.

కరెంటు పోతే లెక్క: ఎనిమిది చిన్న ఫ్యాన్లు ఒక్కోటి 20 వాట్లు, దీపాలు, వైఫై కలిపి 40, మొత్తం 200 వాట్లు. 150 ఏహెచ్ బ్యాటరీ ఒకటి 1.8 యూనిట్లు అంటారు, చేతికొచ్చేది 1.2 అనుకో. ఆరు గంటలు నడుస్తుంది. గీజరు ఇన్వర్టరుకు కలపొద్దని చెప్పాల్సిన పనిలేదనుకుంటా.

గీజరు మాటకొస్తే, 15 లీటర్లది 2 కిలోవాట్లతో 25 డిగ్రీల నీళ్లను 55 చేయడానికి పావుగంట పైనే పడుతుంది. చన్నీళ్లు కలిపితే వచ్చేది 30 లీటర్ల గోరువెచ్చని నీళ్లు. కోట నుంచి తిరిగొచ్చిన ఆరుగురు తొమ్మిదింటికి ఒకేసారి స్నానానికి నిలబడితే చాలదు. 200 లీటర్ల సోలార్ హీటరు పెట్టుకుంటే అదే లెక్కన 400 లీటర్లు, అంటే 20 బకెట్లు. గాజు గొట్టాల రకం తీసుకో. ఉప్పు నీళ్లకు రాగి గొట్టాల ఫ్లాట్ ప్లేటు త్వరగా పూడుకుంటుంది. గీజరే కావాలంటే 50 దాటించి పెట్టొద్దు, వేడి పెరిగేకొద్దీ కాయిల్ మీద తెల్ల పెచ్చు అంత తొందరగా కడుతుంది. ఏడాదికోసారి విప్పి కాయిల్ శుభ్రం చేయించి, ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడే ఆనోడ్ రాడ్ అరిగితే మార్చు. షవరు జల్లెడ నిమ్మ ఉప్పు నీళ్లలో రాత్రంతా నానేస్తే చాలు.

---

దుప్పటి_మడత జవాబు:

అందరూ ఇనుము, కరెంటే చెప్తాండారు. హాస్టల్ మూసేయించేది నల్లి. ఒక్క రివ్యూలో ఆ మాట పడితే సీజనంతా పోయినట్టే.

నల్లులు మురికి వల్ల రావు, బ్యాగుల్లో వస్తాయి. అందుకని బ్యాగు పడక మీద పెట్టనివ్వకూడదు. కింది పడక కింద ఇనుప పెట్టె, 30×18×14 అంగుళాలు, 60 లీటర్ల బ్యాగు పడుకోబెడితే పడుతుంది. తాళం వాళ్లదే, గొళ్లెం రంధ్రం 8 మిల్లీమీటర్లు ఉంటే ఎవరి తాళమైనా ఎక్కుతుంది. తాళం తేనోళ్లకు అమ్మడానికి నాలుగు ఉంచుకో.

మనిషి మారిన ప్రతిసారీ పరుపు నాలుగు మూలలూ, కుట్టు వెంబడి టార్చి పెట్టి చూడాల. మిరియపు చుక్కల్లాంటి నల్ల మచ్చలు, పొట్టు కనిపిస్తే ఆ పడకనే కాదు, పక్క పడకలు కూడా అమ్మడం ఆపు. గుడ్డలు 60 డిగ్రీల నీళ్లలో ఉతకాల. పరుపు కుట్ల మీద ఆవిరి యంత్రం మెల్లగా, సెకనుకు ఒక అంగుళం చొప్పున పోనీ, ఊపుగా తిప్పితే పైన తడి తప్ప లోపలికి వేడి దిగదు. మందు ఒకసారి కొట్టించి ఊరుకుంటే లాభం లేదు. గుడ్లకు మందు సరిగా పట్టదు, వారం పది రోజుల్లో పిల్లలవుతాయి, రెండు వారాలకు మళ్లీ కొట్టాల్సిందే. జిప్పు ఉన్న పరుపు కవర్లు మొదటిరోజే కొనడం మంచిది.

దుప్పట్లు పడకకు మూడు జతలు: ఒకటి పరిచింది, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో. తెల్లవి లేదా లేత రంగువి. పూల దుప్పటి మరకను దాస్తుంది గానీ నల్లి మచ్చనూ దాస్తుంది.

మరుగుదొడ్డి, స్నానాల గది ఒకే గదిలో పెట్టకుండా వేరువేరు చెయ్యి. ఆరేడు మందికి ఒక్కోటి చాలు. పళ్లు తోముకునే బేసిన్ బయట వరండాలో పెడితే పొద్దున తోపులాట సగం తగ్గుతుంది. నీళ్లు మనిషికి రోజుకు 100 లీటర్ల పైనే, ఉతుకు కలిపి 2,000 లీటర్ల ట్యాంకు వేసుకో. తాగేదానికి బోరు నీళ్లు పెట్టొద్దు.

ఆడపిల్లల గదికి లోపలి గడియ, వాకిలి ముందర రాత్రంతా వెలిగే దీపం. కెమెరా వీధి వాకిలికీ వరండాకే, గదుల్లోకి చూసేటట్టు ఉండకూడదు. వెనకాల మీ అమ్మ ఉంటుందనే మాట బుకింగ్ పేజీలో రాయి. ఒంటరిగా వచ్చే అమ్మాయి మొదట చూసేది దాన్నే.

---

పెన్నా_ఒడ్డు:

చానా థ్యాంక్స్ అక్కా, అన్నలూ. పెయింటింగు ఆయనకు వద్దని చెప్పేసినా. హాల్లో ముందు రెండు బంకులతో మొదలుపెడతా. పర్మిషన్లు, విదేశీయులు, జీఎస్టీ సంగతి ఎవరన్నా చెప్పండి. భోజనం కూడా పెట్టాలని అమ్మ అంటోంది.

---

రిజిస్టర్_రామన్న జవాబు:

మీ అమ్మానాయనా అదే ఇంట్లో ఉంటారు కాబట్టి నీకు తగ్గది కేంద్ర పర్యాటక శాఖ వాళ్ల బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ / హోమ్‌స్టే పథకం. యజమాని కుటుంబం అక్కడే కాపురం ఉండాల, ఆరు గదులు, 12 పడకల లోపల ఉండాల. అందుకే మొత్తం 12 దాటకుండా ప్లాన్ చేసుకో. మున్సిపాలిటీలో ట్రేడ్ లైసెన్సు, పోలీసు స్టేషన్‌లో ఒక మాట చెప్పి పెట్టడం వేరే. కరెంటు ఏ కేటగిరీలో వేస్తారో ఏఈ ఆఫీసులో కాగితం మీద రాయించుకో, తర్వాత పాత నెలలకు కూడా కలిపి బిల్లు (బ్యాక్ బిల్లింగ్) వస్తే నొప్పి.

విదేశీ పాస్‌పోర్టు మనిషి దిగితే 24 గంటల లోపల ఆన్‌లైన్‌లో ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓకు, అంటే విదేశీయుల నమోదు ఆఫీసుకు తెలపాల, అందరూ ఫారం సి అనేది అదే. ముందే యూజర్ ఐడీ తీసి పెట్టుకో, మనిషి వాకిట్లో నిలబడ్డాక అప్లై చేస్తే ఆలస్యం. పాస్‌పోర్టు ఫొటో పేజీ, వీసా పేజీ, ఎక్కణ్ణుంచి వచ్చినాడు, ఎక్కడికి పోతాడు, ఇవన్నీ అడుగుతుంది. మనోళ్లకైతే ఆధార్‌లో చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ తీసుకో. అందరి ఆధార్ జిరాక్సులూ బల్ల మీద పడేసి ఉంచొద్దు.

జీఎస్టీ: ఏడాది రాబడి 20 లక్షలు దాటనంతవరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పడక రాత్రికి 500, మొత్తం పది పడకలు అనుకుని, అవన్నీ ఏడాది పొడుగునా నిండినా 18 లక్షల పైచిలుకే, అట్లా నిండవు కూడా. బుకింగ్ యాపుల్లో వచ్చిన దానికి మాత్రం, నీకు రిజిస్ట్రేషన్ లేకపోయినా పన్ను ఆ యాపే కడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 లోపు గదులకు అది 5 శాతం. ఆ శాతం, వాళ్ల కమీషను కలిపి చూసుకుని యాపులో రేటు పెట్టు. నేరుగా ఫోన్ చేసినోళ్ల దగ్గర సగం యూపీఐలో ముందే తీసుకో, లేదంటే శనివారం రాత్రి పడక ఖాళీగా ఉంటుంది, మనిషి కోట దగ్గర టెంట్లో ఉంటాడు.

భోజనం పెడితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ చేయించు.

---

దుప్పటి_మడత:

భోజనానికి మెనూ కార్డు కొట్టించొద్దు. పొద్దున ఉగ్గాని బజ్జీ, కోట నుంచి వచ్చేసరికి పదైనా ఫరవాలేదు, బొరుగులు తడిపి తిరగవాత వేసేది పది నిమిషాల పని. ముందే కలిపి పెడితే మాత్రం ముద్దయిపోతుంది. రాత్రికి సంగటి, పప్పు లేదా చెనిక్కాయ పచ్చడి, ఒకటే రకం. నాటుకోడి కావాలంటే మధ్యాహ్నం రెండు లోపల చెప్పాలని బోర్డు పెట్టు. సంగటి తినడం రానోళ్ల కోసం కాస్త అన్నం వండి ఉంచమని అమ్మకు చెప్పు. బెలుం గుహలకు పోయేటోళ్లు అవి పదికి తెరుస్తారని తెలీక తెల్లారే బయల్దేరతారు, వాళ్లను టిఫిన్ చేసి పొమ్మను.