పేల్చిన తూటా గొట్టంపై వేలిముద్ర దొరుకుతుందా?

తార్నాక విద్యార్థిని:
ఫోరెన్సిక్ సైన్స్ ఎం.ఎస్సీ. రెండో సంవత్సరం. ప్రాజెక్టులో వేలిముద్రలు తేలడానికి 9 ఎం.ఎం. తూటాల ఇత్తడి గొట్టాలకు (తూటా పేలాక మిగిలే ఖాళీ తొడుగు ఇదే) సూపర్ గ్లూ ఆవిరి పట్టించాను. పేల్చని వాటిపై రేఖలు ముగ్గు వేసినట్టు వచ్చాయి. పేల్చిన వాటిపై మసక మరకలే. తప్పు ఎక్కడ చేశాను?

పాత క్లూస్ టీం:
తప్పు నీది కాదమ్మా. ముద్ర పడేది మేగజైన్‌లో, అంటే తుపాకీకి తగిలించే తూటాల డబ్బాలో, తూటా నింపేటప్పుడు. ఆ తరువాత అది మేగజైన్ అంచులకు, ఛాంబర్ (తూటా పేలే అర) గోడలకు రాసుకుంటుంది. పేలినప్పుడు వేడి, వాయువులు. చెమటలోని నీరు, నూనె చాలావరకు పోతాయి. గ్లూ ఆవిరి పట్టుకోవడానికి ఇంకేం మిగులుతుంది? నా సర్వీసులో పోల్చడానికి పనికివచ్చిన ముద్ర ఒక్కసారే చూశాను.

కొన్ని మనమే చెడగొడతాం. ఒకసారి నాలుగు గొట్టాలను ఒకే ప్లాస్టిక్ కవరులో మూటగట్టి పంపారు. ల్యాబ్‌కు చేరేదాకా అవి దారంతా ఒకదానినొకటి గీరుకున్నాయి. దేనికది చిన్న పెట్టెలో కదలకుండా పెట్టాలి. సినిమాల్లోలాగా మూతిలో పెన్ను దూర్చి ఎత్తకూడదు.

బేగంబజారు చెంబు:
నాది రసాయనశాస్త్రం, పోలీసు పని తెలియదు. చింతపండుతో తళతళా తోమిన ఇత్తడి చెంబును చెమట చేత్తో పట్టుకుని వదిలేయండి. కొన్నాళ్లకు వేళ్లు పడినచోట రంగు మారుతుంది. కడిగినా ఆ మచ్చ ఉంటుంది. చెమటలోని ఉప్పు ఇత్తడిని తినేసింది కనుక. తూటా గొట్టం మీదా అదే జరగవచ్చు. చెమట ఆవిరైపోయినా లోహానికి తగిలిన దెబ్బ పోదు.

2008లో ఇంగ్లండ్‌లో ఫోరెన్సిక్ శాస్త్రవేత్త జాన్ బాండ్ పట్టుకున్నది దీన్నే. గొట్టానికి దాదాపు 2,500 వోల్టులు ఇచ్చి, సన్నని కార్బన్ పొడి పూసిన గుండ్లను దానిపై దొర్లించాడు. తుప్పు గీతల వెంబడి పొడి అంటుకుంది. అయితే అందరి చెమటా ఒకేలా ఉండదు. కొందరి ముద్రే పడదు.

తార్నాక విద్యార్థిని:
2,500 వోల్టులా! మా ల్యాబ్ అటెండర్ నన్ను గుమ్మం దాటనివ్వరు.

బేగంబజారు చెంబు:
ఐర్లాండ్‌లోని మేనూత్ విశ్వవిద్యాలయం వారిది చూడండి. ద్రావణంలో ముంచి చాలా తక్కువ వోల్టేజీ ఇస్తే, రేఖల మధ్య సందుల్లో పదార్థం పేరుకుని ముద్ర కనబడుతుంది. 700 డిగ్రీల వరకు కాల్చిన ఇత్తడి మీదా పనిచేసిందన్నారు. అది ప్రయోగశాల మాట, వీధిలో దొరికిన గొట్టం మాట వేరు.

చిక్కడపల్లి వకీలు:
ముద్ర దొరికిందనే అనుకుందాం. అతను తూటాను ముట్టుకున్నాడని తేలుతుంది, కాల్చాడని కాదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో నా మొదటి ప్రశ్న అదే.

పాత క్లూస్ టీం:
వకీలుగారు ఎప్పుడూ ఇంతే! అందుకేనండీ, ముందు ఫొటోలు తీసి, ఏ తుపాకీదో పోల్చడానికి ఫైరింగ్ పిన్ (తూటా వెనుక కొట్టే సూది) గుర్తులు నమోదు చేయాలి. డీఎన్ఏ కోసం తడి స్వాబ్‌తో తుడిస్తే ముద్ర చెరిగిపోవచ్చు. ఏది ముందో అక్కడే తేల్చుకోవాలి.

తార్నాక విద్యార్థిని:
అయితే పేల్చిన వాటిని కొన్ని రోజులు అలాగే ఉంచి మళ్లీ చూస్తాను. చెంబుగారూ, మీ చెంబు ఫొటో ఒకటి పెట్టరూ?