జనాభా లెక్కలు చూసి వ్యాపారం పెట్టొచ్చా? పాలకొల్లులో ప్లే స్కూలా, ఫిజియోథెరపీ సెంటరా?

పాలకొల్లు అబ్బాయి:
చేతిలో ఇరవై లక్షల దాకా ఉన్నాయి. పాలకొల్లులో ప్లే స్కూల్ పెట్టాలా, పెద్దవాళ్ల కోసం ఫిజియోథెరపీ సెంటర్ పెట్టాలా అని ఆలోచిస్తున్నాను. మా చెల్లెలు ఫిజియోథెరపిస్టు. 2011 జనగణన పట్టికలు డౌన్‌లోడ్ చేసి చూశాను. టౌన్ జనాభా 61 వేల పైమాట. ఆరేళ్లలోపు పిల్లలు ఏ వార్డులో ఎంతమందో కూడా ఉంది. ఎక్కువ ఉన్న వార్డులో స్కూల్ పెడదామని నా లెక్క. మా బావ మాత్రం "కాగితాలు చూసి వ్యాపారం పెట్టేదేంట్రా, ముందు నలుగురూ తిరిగే చోటు చూసుకో" అంటున్నాడు. మీరేమంటారు?

మెయిన్‌రోడ్డు:
నా ఓటు మీ బావగారికే. మాది బట్టల కొట్టు. తలలు లెక్కపెడితే జేబులు తెలియవు తమ్ముడూ. పెళ్లిళ్ల సీజన్లో మా కొట్టుకొచ్చేవాళ్లు పోడూరు, యలమంచిలి, ఆచంట వైపు నుంచి వస్తారు, చించినాడ వంతెన దాటి కోనసీమ నుంచీ వస్తారు. నీ 61 వేలల్లో వాళ్లెవరూ లేరు. ఆ అంకె నమ్ముకుంటే నేను సగం సరుకే తెప్పించేవాణ్ణి.

లెక్కల మాస్టారు:
బట్టలకు కోనసీమ నుంచి వస్తారు సరే, మూడేళ్ల పిల్లను ప్లే స్కూల్లో దింపడానికి వంతెన దాటి రారు కదండీ. ఏ వ్యాపారానికి ఎంత దూరం నుంచి వస్తారో ముందు తేల్చుకుని, ఆ మేరకే జనాన్ని లెక్కెయ్యాలి. బాబూ, అసలు చిక్కు వేరే ఉంది. నువ్వు చూసిన ఆరేళ్లలోపు పిల్లలు 2011 నాటివాళ్లు. వాళ్లిప్పుడు ఇంటర్, డిగ్రీ చదువుతుంటారు. వాళ్లను చూసి ప్లే స్కూల్ పెడతావా!

ఇంకోటి. 2001 నుంచి 2011 దాకా మన పాత పశ్చిమ గోదావరి జిల్లా జనాభా 38 లక్షల నుంచి 39.4 లక్షలకే పెరిగింది, అంటే పదేళ్లలో మూడున్నర శాతం. అదే పదేళ్లలో రంగారెడ్డి జిల్లా 48 శాతం పెరిగింది. మన పిల్లల పిల్లలు ఎక్కడ పెరుగుతున్నారో దీన్నిబట్టే తెలుస్తోంది. పైగా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం రాష్ట్రంలో సగటున ఒక్కో మహిళకు 1.7 మంది పిల్లలే.

కొత్తగా చేరాను:
కొత్త జనగణన వచ్చేదాకా ఆగితే పోలా?

లెక్కల మాస్టారు:
2021లో జరగాల్సింది కొవిడ్ వల్ల వాయిదా పడింది. కొత్తదాంట్లో 2027 మార్చి 1 నాటికి ఉన్న జనాన్ని లెక్కిస్తారు. వార్డువారీ పట్టికలు చేతికొచ్చేసరికి ఇంకా ఆలస్యమవుతుంది. ఈలోపు అంగన్‌వాడీ టీచర్లను అడగండి. వాళ్ల పరిధిలో గర్భిణులెందరో, పిల్లలెందరో రిజిస్టర్‌లో ఉంటుంది. చుట్టుపక్కల బడుల్లో ఒకటో తరగతిలో ఏటా ఎంతమంది చేరుతున్నారో కనుక్కోండి. ఆ సంఖ్య ఏడాదికేడాది తగ్గుతుంటే ప్లే స్కూల్ సంగతి తేలిపోయినట్టే.

ఆర్మూరు నుంచి:
మెయిన్‌రోడ్డు అన్నా, అంకెల్లో జేబులు కూడా కనబడతాయి, చదవడం తెలియాలి. 2011లో మా పాత నిజామాబాద్ జిల్లాలో వెయ్యి మంది మగవాళ్లకు 1,040 మంది ఆడవాళ్లు. మగవాళ్లు చాలామంది గల్ఫ్‌లో ఉన్నారన్నమాట. అంటే నెలనెలా డబ్బు వచ్చే ఇళ్లు, ఖర్చు చూసుకునేది ఆడవాళ్లు. ఇక్కడ ఏ కొట్టు పెట్టేవాడికైనా ఆ ఒక్క అంకెలో బోలెడు సమాచారం ఉంది.

మెయిన్‌రోడ్డు:
ఆ సంగతి మీ ఊళ్లో టీ కొట్టువాణ్ణి అడిగినా చెప్తాడు. పట్టిక ఎందుకు?

ఓటరు జాబితా:
పెద్దవాళ్ల లెక్క కావాలంటే ఓటరు జాబితా ఉంది. పోలింగ్ బూత్‌వారీగా ప్రతి పేరు పక్కన వయసు, ఇంటి నంబరు ఉంటాయి. రాష్ట్ర ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. 65 దాటినవాళ్లను చేత్తో లెక్కపెట్టుకోవాలి, విసుగే, కానీ జనగణన కంటే చాలా తాజా. యువకుల విషయంలో మాత్రం దాన్ని నమ్మొద్దు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేవాళ్ల ఓట్లు చాలా వరకు ఊళ్లోనే ఉంటాయి.

లెక్కల మాస్టారు:
చనిపోయినవాళ్ల పేర్లు కూడా ఉంటాయండోయ్. నాలుగైదు వీధులు తిరిగి సరిచూసుకోకపోతే పెద్దవాళ్ల లెక్క ఎక్కువ చూపిస్తుంది.

భీమవరం ఫిజియో:
నేను ఈ వృత్తిలోనే ఉన్నాను కాబట్టి చెప్తున్నాను. ఊళ్లో 65 దాటినవాళ్లు ఎంతమందన్నది నాకు ఏనాడూ పనికిరాలేదు. మా దగ్గరికి మనిషి వచ్చేది డాక్టర్ రాసిన చీటీతో. మోకాలి ఆపరేషన్ తర్వాత, పక్షవాతం తర్వాత ఎముకల డాక్టరో న్యూరో డాక్టరో పంపాలి. పాలకొల్లువాళ్లు ఆపరేషన్‌కి భీమవరమో, విజయవాడో వెళ్తే అక్కడే ఓ పది రోజులు చేయించుకుని వస్తారు. ఇంటికొచ్చాక మిగతాది ఎవరు చేస్తున్నారు? ఆ ఖాళీయే మీ వ్యాపారం. డబ్బు కట్టేది చాలా ఇళ్లలో అమెరికాలో ఉన్న కొడుకో, బెంగళూరులో ఉన్న కూతురో. కాబట్టి సెంటర్ కంటే ఇంటికెళ్లి చేసే సర్వీస్ ముందు మొదలుపెట్టండి. పెట్టుబడి తక్కువ, ఏ వీధిలో గిరాకీ ఉందో అదే చెప్తుంది.

పాలకొల్లు అబ్బాయి:
అయితే ప్లే స్కూల్ పక్కన పెడుతున్నాను. చెల్లెలితో మాట్లాడాను, ముందు ఇళ్లకెళ్లి చేస్తానంది. ఓటరు జాబితాలో మా వైపు బూత్‌లు తీసుకుని, 65 దాటినవాళ్లు ఎక్కువున్న వీధుల నుంచి మొదలుపెడతాం. ఎముకల డాక్టర్లను కూడా కలవాలి. అది సాగితేనే గది అద్దెకు తీసుకుంటాను.

లెక్కల మాస్టారు:
చూశారా మెయిన్‌రోడ్డు గారూ, ఏ వీధికెళ్లాలో కాగితమే చెప్పింది.

మెయిన్‌రోడ్డు:
గిరాకీ ఉందో లేదో మాత్రం తలుపు కొట్టాకే తెలుస్తుంది మాస్టారూ. తమ్ముడూ, అడ్వాన్స్ కట్టేముందు ఓ మాట. అద్దె తక్కువని మేడ మీద గది తీసుకోకు. మోకాళ్ల నొప్పులవాళ్లు మెట్లెక్కి రారు.