అప్‌డేట్: ఆర్‌మ్యాన్ లిస్ట్‌లో ఉన్న బ్యాకప్‌లు డిస్క్‌లో లేకపోవడం

ప్రశ్న ఇదీ: ఒరాకిల్ డేటాబేస్ బ్యాకప్ టూల్ అయిన ఆర్‌మ్యాన్‌లో 'లిస్ట్ బ్యాకప్ సమ్మరీ' ఇస్తే అన్నీ అందుబాటులో ఉన్నట్టు చూపుతోంది, డిస్క్‌లో మాత్రం సగం ఫైళ్లు లేవు. 10 రోజుల కిందటివైతే లిస్ట్‌లోనే కనబడవు.

మొదటిదానికి కారణం దొరికింది. పాత ఫైళ్లను ఓఎస్ కమాండ్‌తో తుడిచేశారు. లిస్ట్ కమాండ్ కంట్రోల్ ఫైల్‌లోని (డేటాబేస్ తన వివరాలు, బ్యాకప్‌ల జాబితా రాసుకునే ఫైల్) రికార్డులనే చదువుతుంది తప్ప డిస్క్ వైపు చూడదు. రికార్డులను డిస్క్‌తో పోల్చి చూసే 'క్రాస్‌చెక్ బ్యాకప్' నడిపాక 'ఎస్' (స్టేటస్) కాలమ్‌లో 'ఏ' (అవైలబుల్) పోయి 'ఎక్స్' వచ్చింది, అంటే ఎక్స్‌పైర్డ్, ఫైల్ దొరకలేదని. తర్వాత 'డిలీట్ ఎక్స్‌పైర్డ్ బ్యాకప్' ఇస్తే ఆ రికార్డులు పోతాయి. కానీ ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్ (నెట్‌వర్క్ మీదుగా తగిలించిన డిస్క్) ఊడిపోయి ఉన్నా ఇలాగే 'ఎక్స్' వస్తుంది కాబట్టి ముందు మౌంట్ చూసుకోండి. లేదంటే మంచి బ్యాకప్‌ల రికార్డులూ పోతాయి.

'రిపోర్ట్ అబ్సొలీట్'తో దీన్ని కలపొద్దు. అది రిటెన్షన్ పాలసీ (బ్యాకప్‌లు ఎంతకాలం ఉంచాలనే నియమం) ప్రకారం ఇక అక్కర్లేని వాటిని చెబుతుంది, ఫైల్ ఉందా లేదా అని కాదు.

రెండోదే అసలు చిక్కు. రికవరీ విండో (ఎన్ని రోజుల వెనక్కి రికవర్ చేయగలగాలో) 14 రోజులు, కంట్రోల్ ఫైల్ రికార్డు కీప్ టైమ్ (రికార్డులను కనీసం ఎన్ని రోజులు ఉంచాలో) మాత్రం డిఫాల్ట్ 7 రోజులు. రికవరీ కేటలాగ్ (ఈ రికార్డులను విడిగా దాచే మరో డేటాబేస్) లేదు గనుక పాత రికార్డుల మీద కొత్తవి పడ్డాయి. వారానికోసారి లెవెల్ 0 (పూర్తి బ్యాకప్) కాబట్టి 14కు 7 కలిపి, కాస్త ఎక్కువగా కీప్ టైమ్ 24 పెట్టాం, రీస్టార్ట్ అక్కర్లేదు. డిస్క్‌లో మిగిలిన ఫైళ్లు, వాటిని మళ్లీ నమోదు చేసే 'కేటలాగ్ స్టార్ట్ విత్'తో మళ్లీ లిస్ట్‌లోకి వచ్చాయి. బ్యాకప్‌లు రిస్టోర్‌కు పనికొస్తాయో లేదో చదివి చూసే 'రిస్టోర్ డేటాబేస్ వ్యాలిడేట్' కూడా ఎర్రర్ లేకుండా ముగిసింది.