రెండో చేతికి కూడా బీపీ చూడమనడం అతి అవుతుందా?

గోదారిపిల్ల:
మా చెల్లికి 26 ఏళ్లు. జడ వేసుకుంటుంటే సగంలోనే ఎడమ చెయ్యి గుంజేసి దించేసేది. దండెం మీద బట్టలు ఆరేసినా అంతే. ఏడాదిన్నర పాటు ఆ చేతికే బీపీ చూసి, ‘లో బీపీ, మజ్జిగలో ఉప్పేసుకుని తాగమ్మా’ అన్నారు. ఒకరోజు నర్సమ్మ కుడి చేతికి పట్టీ కట్టింది. ఎడమ చేతికి 90 ఉన్నది అక్కడ 170! టకయాసు ఆర్టిరైటిస్ అని తేలింది. గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమనుల గోడలు వాచి, మందమెక్కి, లోపలి దారి ఇరుకైపోయే జబ్బు ఇది. కిడ్నీకి వెళ్లే నాళం ఇరుకై బీపీ పెరిగింది. ఎడమ చేతి నాళం మూసుకుపోవడంతో అక్కడ తక్కువ చూపించింది. అంటే ఎక్కువ బీపీ ఉన్న పిల్లకి ఉప్పు తాగించాం. నలభై లోపు ఆడవాళ్లకు మొదటిసారే రెండు చేతులకూ చూడాలంటాను.

ఓపీ_సిస్టర్:
మీ బాధ అర్థమైందండి. కానీ మా ఓపీలో ఉన్నది ఒకటే మిషన్, లైను గేటు దాకా ఉంటుంది. పదిలోపు తేడా చాలామందికి మామూలే. అది చూసి ఇంటిల్లిపాదీ టెన్షన్ పడి స్కానింగులకు పరుగెడతారు. అరుదైన జబ్బు ఇది. రెండు మణికట్ల దగ్గర నాడి ఒకేసారి పట్టి చూస్తే చాలదా?

పీజీ_కుర్రాడు:
1908లో ఒక వైద్యుల సభలో టకయాసు అనే జపాన్ కంటి డాక్టరు చెప్పింది కంటి నాళాల్లో మార్పు గురించే. అలాంటి రోగులకు మణికట్టు నాడి అందడం లేదని అదే సభలో తోటి డాక్టర్లు చెప్పారు. కాబట్టి నాడి చూడాల్సిందే. అయితే రెండు చేతులకూ బీపీ చూడమని 2020 అంతర్జాతీయ హైపర్‌టెన్షన్ సొసైటీ మార్గదర్శకాల్లోనే ఉంది. తేడా 20 దాటితే ఇంకా పరీక్షలు ఆలోచించమన్నారు. మామూలు తేడాకు ఎవరూ స్కానింగ్ రాయరు.

మందులతో_పదేళ్లు:
సిస్టర్ గారూ, మొదట్లో నా నాడి బాగానే అందేది. జ్వరం, నీరసం, బరువు తగ్గడం, అంతే. ఒంట్లో వాపు ఉందేమో చూసే రక్తపరీక్ష ఈఎస్‌ఆర్ నార్మల్ వచ్చిందని ఊరుకున్నారు. ఎంఆర్‌ఐలో మాత్రం నాళం గోడ వాచి కనిపించింది. నాడి ఒక్కటే నమ్ముకోకండి.

ఓపీ_సిస్టర్:
సరేనండి. చెయ్యి ఎత్తి పనిచేస్తే గుంజుతోందన్నవాళ్లకి, చిన్న వయసులో బీపీ తేడాగా ఉన్నవాళ్లకి రేపటి నుంచే రెండు చేతులకూ కడతాను. అందరికీ కట్టాలంటే మాత్రం ముందు మాకు ఇంకో మిషన్ రావాలి.