అప్‌డేట్: నవలలో ‘వచ్చాడు’ అనాలా, ‘వచ్చింది’ అనాలా? తేలింది

విజయనగరంలో జరిగే నా నవల గురించి వేసవిలో ఇక్కడే అడిగాను. ఇద్దరు స్నేహితులు, తర్వాత ప్రేమ. అబ్బాయిగా పెరిగిన ఒకరు ఇరవై ఏళ్లకి తాను అమ్మాయినని చెప్పి మారుతుంది. ఆమె చిన్నప్పటి సంగతులకి క్రియ ఏం పెట్టాలన్నదే నా టెన్షన్.

‘తను’ వాడమన్నారు చాలామంది. కుదరలేదు. తను అన్నా చివర ‘వచ్చాడు’, ‘వచ్చింది’ తప్పదు. ‘వచ్చారు’ అంటే పదేళ్ల పిల్లకి మరీ మర్యాద ఎక్కువైంది. పనిచేసింది ఉత్తరంలా రాయమన్న సలహా: ‘నువ్వు మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర నిలబడ్డావు.’ నేను, నువ్వు అన్నప్పుడు మన క్రియకి ఆడా మగా లేదు కదా! ఇన్నాళ్లూ నాకది తట్టనే లేదు. ఇప్పుడు కథంతా స్నేహితుడి గొంతులోనే. ఆడా మగా తేడా పక్కవాళ్ల నోట్లోనే వినిపిస్తుంది. పైడితల్లి జాతరలో సిరిమాను రోజున నాయనమ్మ ‘మా గుంటడు’ అనబోయి ‘మా గుంట’ అంటుంది (అక్కడి యాసలో గుంటడంటే అబ్బాయి, గుంటంటే అమ్మాయి). ఆ అధ్యాయం ఆ ఒక్క మాట మీదే నిలబడింది.

ఆపరేషన్ వివరాలూ అడిగాను చూడండి, అవి అక్కర్లేకపోయాయి. చిత్తుప్రతి చదివిన ఒక ట్రాన్స్ మహిళ ఆపరేషన్ గురించి రాసిన మూడు పేజీలూ కొట్టేసి, ‘ప్రేమ గురించి రాయమ్మా’ అన్నారు. ఉత్తరం ఐడియా ఇచ్చినవారికి ప్రత్యేకంగా థాంక్స్.